కాలేయంలో 18 మిల్లీమీటర్ల నాడ్యూల్: అల్ట్రాసౌండ్ చెప్పేదెంత, చెప్పలేనిదెంత?

ప్రశ్న: రాజోలు కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. మా నాన్నగారికి 58 ఏళ్లు. కొబ్బరితోట, కొద్దిపాటి వరిచేను చూసుకుంటారు. కొన్నేళ్ల క్రితం హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో ఆయనకు హెపటైటిస్ బి ఉన్నట్టు బయటపడింది. అప్పటినుంచి టెనోఫోవిర్ మాత్ర ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంటున్నారు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 14 కిలోపాస్కల్స్ రావడంతో సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) మొదలైందని చెప్పి, ఆరు నెలలకొకసారి పొట్ట అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్ ఉన్న కొందరిలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష చేయించుకోమని డాక్టరుగారు చెప్పారు. మేము వాయిదా తప్పకుండా చేయిస్తూనే ఉన్నాము.

ఇంతకాలం రిపోర్టులో "గడ్డలేమీ లేవు" అనే వచ్చేది. ఈసారి మాత్రం కుడి లోబ్‌లో ఏడో సెగ్మెంట్‌లో 18 x 16 మిల్లీమీటర్ల హైపోఎకోయిక్ (స్కాన్ తెరమీద నల్లగా కనబడే) నాడ్యూల్, అంటే చిన్న గడ్డ, ఉందని, దాని చుట్టూ పలుచని నల్లని అంచు ఉందని, డాప్లర్‌లో లోపల కొద్దిగా రక్తప్రసరణ కనబడుతోందని, కాలేయం మొత్తం ముతకగా ఉందని, పోర్టల్ సిర బాగానే ఉందని, పొట్టలో నీరు లేదని రాశారు. చివర "ట్రైఫేసిక్ సీటీ చేయించవలెను" అని ఉంది. ఏఎఫ్‌పీ 14 వచ్చింది. నాన్నగారికి నొప్పి లేదు, జ్వరం లేదు, ఆకలి మామూలుగానే ఉంది, తోటకు వెళ్లి వస్తూనే ఉన్నారు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మా బావగారు, వాళ్ల ఊళ్లో ఒకాయనకు ఇలాగే గడ్డ కనబడితే చీముగడ్డ అని తేలి మందులతో తగ్గిపోయిందని, కంగారుపడవద్దని అంటున్నారు. మా మేనమామగారు పసరు మందు ఇచ్చే చోటికి తీసుకువెళ్దామంటున్నారు. తెలిసినవారొకరు వెంటనే సూది వేసి ముక్క తీయించమంటున్నారు. నాకున్న సందేహాలు ఇవి. అల్ట్రాసౌండ్‌లో చూసి ఇది క్యాన్సరా కాదా అని తేల్చి చెప్పగలరా? ఆరు నెలల క్రితం లేనిది ఇప్పుడు ఒక్కసారిగా 18 మిల్లీమీటర్లు ఎలా అవుతుంది? మూడు నెలలు ఆగి మళ్లీ అదే స్కాన్ చేయించి చూడవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: కాకినాడ రేడియాలజిస్టు

చివరి ప్రశ్నకు ముందుగా చెబుతాను. మూడు నెలలు ఆగవద్దు. సిర్రోసిస్ ఉన్నవారిలోను, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారిలోను నిఘా కోసం చేసే అల్ట్రాసౌండ్‌లో పది మిల్లీమీటర్ల లోపు మచ్చ కనబడితే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చూడవచ్చు. పది మిల్లీమీటర్లు, అంతకు పైన ఉన్న ప్రతి గట్టి నాడ్యూల్‌నూ కాంట్రాస్టు సీటీతోగాని, ఎంఆర్ఐతోగాని చూడవలసిందే. ఏఎఫ్‌పీ 20 దాటితే, స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా, అదే పద్ధతి. మీ నాన్నగారి ఏఎఫ్‌పీ తక్కువగా ఉందన్నది కొంత ఊరటే కాని, ఆ సంఖ్యను చూసి సీటీ మానుకోవడానికి వీల్లేదు. చిన్న కాలేయ క్యాన్సర్లలో చాలావాటికి ఏఎఫ్‌పీ పెరగనే పెరగదు.

ఇక మొదటి ప్రశ్న. అల్ట్రాసౌండ్ ఒక మచ్చను కనిపెట్టడంలో దిట్ట, దానికి పేరు పెట్టడంలో బలహీనం. తెరమీద మేము చూసేది ధ్వని ఎక్కడ ఎంత తిరిగి వచ్చిందన్న తేడాను మాత్రమే. చుట్టుపక్కల కాలేయంకంటే ఎక్కువ ధ్వనిని తిప్పి పంపితే తెల్లగాను, తక్కువ పంపితే నల్లగాను కనబడుతుంది. మూడు సెంటీమీటర్ల లోపు ఉన్న హెపటోసెల్యులర్ కార్సినోమా, అంటే కాలేయ కణాల్లోనే పుట్టే క్యాన్సర్, చాలాసార్లు నల్లగా కనబడుతుంది. అయితే సిర్రోసిస్‌లో కాలేయం తనను తాను మరమ్మతు చేసుకునే క్రమంలో ఏర్పడే మామూలు నాడ్యూల్స్ కూడా నల్లగానే కనబడతాయి. వేరే చోటినుంచి వ్యాపించిన క్యాన్సర్ కూడా నల్లగానో, మధ్యలో తెలుపు చుట్టూ నలుపుగానో ఉండవచ్చు. కొవ్వు పట్టిన కాలేయంలో పిత్తాశయం పక్కన కొవ్వు పట్టకుండా మిగిలిపోయిన చిన్న భాగం సైతం అచ్చం నల్లని గడ్డలా భ్రమింపజేస్తుంది. దానిలోంచి రక్తనాళాలు వంగకుండా తిన్నగా సాగిపోవడం చూసి దాన్ని గుర్తుపడతాము. అందువల్ల నలుపు, తెలుపు, పరిమాణం అనే మూడింటిని చూసి ఎవరైనా ఇది ఫలానా అని ఒట్టువేసి చెబితే నమ్మవద్దు.

మరి సీటీ ఏమి చెబుతుంది? దీనికి కాలేయానికి రక్తం అందే తీరు తెలియాలి. ఆరోగ్యమైన కాలేయానికి దాదాపు నాలుగింట మూడు వంతుల రక్తం పేగులనుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది. మిగిలినది హెపాటిక్ ధమని ద్వారా వస్తుంది. క్యాన్సర్‌గా మారిన నాడ్యూల్ పోర్టల్ సిరను వదిలి, ధమనినుంచి కొత్త నాళాలు పెంచుకుంటుంది. చేతి నరంలోకి కాంట్రాస్టు మందు ఎక్కించి సుమారు 35 సెకన్లకు బొమ్మ తీస్తే, ధమని ద్వారా మందు ముందే చేరిన నాడ్యూల్ చుట్టుపక్కల కాలేయంకంటే తెల్లగా వెలుగుతుంది. సుమారు 70 సెకన్లకు, ఆ తరువాత మరికొన్ని నిమిషాలకు మళ్లీ తీసినప్పుడు కాలేయమంతా మందుతో నిండి తెల్లబడుతుంది, నాడ్యూల్ మాత్రం మందు కడిగేసినట్టు నల్లబడుతుంది. ముందు వెలగడం, తరువాత ఆరిపోవడం అనే ఈ జంట లక్షణం హై రిస్క్ రోగిలో కనబడితే ముక్క తీయకుండానే హెపటోసెల్యులర్ కార్సినోమా అని నిర్ధారించవచ్చు. ఘనమైన అవయవాల క్యాన్సర్లలో బొమ్మ చూసి మాత్రమే నిర్ధారణ చేసి వైద్యం మొదలుపెట్టగలిగేవి చాలా అరుదు. ఇది వాటిలో ఒకటి.

ఇక్కడ ఒక షరతు ఉంది, దాన్ని మా వృత్తిలోనివారు కూడా కొందరు పట్టించుకోరు. ఈ సౌలభ్యం సిర్రోసిస్, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారికి, ఇంతకుముందు ఇదే క్యాన్సర్ వచ్చినవారికి మాత్రమే వర్తిస్తుంది. ఏ జబ్బూ లేని కాలేయంలో అదే రకం బొమ్మ వచ్చినా దాన్ని ఆ పేరుతో పిలవడానికి వీల్లేదు, అక్కడ బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసి పరీక్షించడం, అవసరం పడవచ్చు. కాబట్టి సీటీకి వెళ్లినప్పుడు హెపటైటిస్ బి సంగతి, ఫైబ్రోస్కాన్ సంఖ్య చీటీమీద తప్పక రాయించండి. "లివర్‌లో గడ్డ" అని మాత్రమే రాసి పంపితే చూసే రేడియాలజిస్టు సగం కళ్లు మూసుకొని చూసినట్టే.

మరొక మాట. సీటీ చేసే చోట "ట్రైఫేసిక్" అని అడిగి, మూడు దశలూ తీస్తారని నిర్ధారించుకున్న తరువాతే రోగిని బల్లమీద పడుకోబెట్టనివ్వండి. కాంట్రాస్టు లేని సీటీ, ఒకే దశ సీటీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. డబ్బు, రేడియేషన్ రెండూ దండగ.

సమాధానం: పాలకొల్లు స్కానింగ్ గది

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. నేను సోనాలజిస్టును, "ఆరు నెలల క్రితం లేనిది ఎలా వచ్చింది" అన్న ప్రశ్నకు ప్రోబ్ పట్టుకునే మనిషిగా జవాబు చెప్పాలనిపించింది.

అది అప్పుడు లేదని అనుకోవద్దు. ఈ రకం క్యాన్సర్ ఘనపరిమాణం రెట్టింపు కావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఘనపరిమాణం రెట్టింపు అయినంత మాత్రాన వ్యాసం రెట్టింపు కాదు, సుమారు నాలుగో వంతు మాత్రమే పెరుగుతుంది. ఆ లెక్కన ఇది నిజంగా క్యాన్సరే అయితే, ఇప్పుడు 18 మిల్లీమీటర్లు ఉన్నది ఆరు నెలల క్రితం 12 నుంచి 14 మిల్లీమీటర్ల మధ్య ఉండి ఉండాలి. అంటే ఉంది, కనబడలేదు.

ఎందుకు కనబడలేదంటే ముందుగా ఏడో సెగ్మెంట్‌ను తప్పుపట్టాలి. అది కాలేయం కుడివైపు వెనుక భాగంలో, పైన డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్యనున్న కండరపు పొర) కిందకు దూరిపోయి ఉంటుంది. దాని ముందు పక్కటెముకలు, పైన ఊపిరితిత్తి. ఎముక ధ్వనిని ఆపేస్తుంది, గాలి ధ్వనిని వెనక్కి తిప్పికొడుతుంది. అందుకే మేము రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, కుడిచేతిని తలమీదుగా పైకి పెట్టించి, పక్కటెముకల మధ్య సందులో ప్రోబ్ ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి" అంటాము. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రం కిందికి దిగి, దాని చాటున ఉన్న కాలేయం కొద్దిసేపు ఎముకల కిందినుంచి బయటికి వస్తుంది. ఆ పది సెకన్లలోనే ప్రోబ్‌ను పైకీ కిందికీ వంచి ఆ మూల అంతా ఊడ్చి చూడాలి. వయసు పైబడినవారు, ఆయాసం ఉన్నవారు బిగబట్టలేరు. కొందరు ఊపిరి బిగబట్టమంటే పొట్ట లోపలికి పీల్చుకుంటారు, దానితో కాలేయం ఇంకా పైకి పోతుంది.

రెండో కారణం కాలేయమే. పొట్ట స్కాన్‌కు వాడే ప్రోబ్ సాధారణంగా మూడున్నర మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తుంది. శరీరంలో ధ్వని సెకనుకు దాదాపు 1540 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక తరంగదైర్ఘ్యం అర మిల్లీమీటరుకంటే తక్కువే. యంత్రానికి పది మిల్లీమీటర్ల వస్తువు చిన్నదేమీ కాదు. ఇబ్బంది పరిమాణంలో లేదు, తేడాలో ఉంది. సిర్రోసిస్ వచ్చిన కాలేయం తెరమీద నేలంతా గరుకుగా, చిన్నచిన్న ముద్దలతో కనబడుతుంది. ఆ ముద్దల్లో ఒకటి మిగతావాటికంటే ఏ కాస్తో భిన్నంగా ఉందని కనిపెట్టడం దుక్కి దున్నిన చేలో రంగు మారిన మట్టిపెళ్లను దూరం గట్టు మీదినుంచి వెతకడంలాంటిది. కొవ్వు పట్టిన కాలేయంలో, లావుపాటి పొట్టలో ధ్వని లోతుకు చేరేసరికే నీరసించిపోతుంది. అందుకే తొలిదశ హెపటోసెల్యులర్ కార్సినోమాను అల్ట్రాసౌండ్ ఒక్కటే సగంకంటే తక్కువ సందర్భాల్లో పట్టగలుగుతోందని, ఏఎఫ్‌పీని జతచేస్తే ఆ పట్టు పదింట ఆరు పాళ్లకు పైగా పెరుగుతోందని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. ఆరు నెలలకొకసారి మళ్లీ మళ్లీ చూడమనడంలో కిటుకు ఇదే; ఒకసారి తప్పినది మరోసారైనా దొరకాలి.

పాత రిపోర్టు తీసి ఒక్కమాట చూడండి. కాలేయం ఎంతవరకు కనబడిందో కొందరు రాస్తారు. నిఘా స్కాన్లకు అంతర్జాతీయంగా వాడే పద్ధతిలో ఇందుకు ఏ, బీ, సీ అనే మూడు గ్రేడ్లు ఉన్నాయి: దాదాపు అంతా కనబడితే ఏ, కొంత మరుగునపడితే బీ, చాలాభాగం కనబడకపోతే సీ. "గడ్డలేమీ లేవు" అన్న వాక్యం పక్కన సీ ఉంటే ఆ వాక్యానికి విలువ చాలా తక్కువ. అలాంటివారికి మూడు నెలల్లో మళ్లీ చూడడమో, సీటీ, ఎంఆర్ఐలకు మారడమో చేయాలి. మన ప్రాంతంలో ఈ గ్రేడు రాసే అలవాటు ఇంకా తక్కువ. అడిగితే రాస్తారు, అడగండి.

ఇంకొకటి. స్కాన్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రమ్మంటాము. లంకల్లోనుంచి, మారుమూల ఊళ్లనుంచి తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి వచ్చేవారు దారిలో దిగి, ఖాళీ కడుపు అంటే ఇడ్లీ తినకపోవడమే అనుకొని పాలు పోసిన కాఫీ తాగేస్తారు. పాలలోని కొవ్వుకు పిత్తాశయం ముడుచుకుపోతుంది, పేగుల్లో గాలి పెరుగుతుంది. మంచినీళ్లు కొద్దిగా తాగవచ్చు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం ఉదయం మొదటి వరుసలో పేరు రాయించుకొని, ముందుగా తమ డాక్టరును అడిగి మందు సంగతి తేల్చుకోవాలి.

సమాధానం: భీమవరం చెరువుగట్టు

నేను డాక్టరును కాను, రొయ్యల చెరువులు చేసుకునేవాణ్ణి. ఈ చర్చ చదువుతుంటే నాకూ ఒక సందేహం వచ్చింది కనుక ఇక్కడే అడుగుతున్నాను. మా ఇంటావిడకు 41 ఏళ్లు. కడుపులో మంట అని వెళితే పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని స్కాన్ తీశారు. రాళ్లు లేవు గాని కాలేయంలో 22 మిల్లీమీటర్ల తెల్లని మచ్చ ఉందని, హెమాంజియోమా కావచ్చునని రాశారు. రాజోలువారి నాన్నగారిది 18 అయితేనే ఇంత హడావుడి చేస్తున్నారు, మాది 22 కదా. మా డాక్టరుగారు ఏమీ ఫరవాలేదు, ఆరు నెలల తరువాత ఒకసారి చూద్దామన్నారు. ఎవరిని నమ్మాలి?

అలాగే, రాజోలువారి బావగారు చెప్పిన చీముగడ్డ మాటను కొట్టిపారేయవద్దని నా మనవి. మా చెరువు దగ్గర పనిచేసే ఒకతనికి వేసవిలో అదే వచ్చింది. తాటికల్లు తాగే అలవాటు ఉన్న మనిషి. చలితో జ్వరం, కుడి డొక్కలో కత్తితో పొడిచినట్టు నొప్పి; స్కాన్‌లో పెద్ద గడ్డ. మెట్రోనిడజోల్ మందుతోనే తగ్గింది.

సమాధానం: కాకినాడ రేడియాలజిస్టు

భీమవరంవారికి: ఇద్దరినీ నమ్మవచ్చు, ఎందుకంటే ఇద్దరి కాలేయాలూ వేరు. హెమాంజియోమా రక్తనాళాల ముద్ద. కాలేయంలో అత్యంత తరచుగా కనబడే నిరపాయకరమైన గడ్డ అదే. దానిలో రక్తంతో నిండిన సన్నని గదుల గోడలు లెక్కలేనన్ని ఉంటాయి కనుక ప్రతి గోడా కొంత ధ్వనిని తిప్పి పంపి, మచ్చ మొత్తం తెల్లగా, అంచులు గీసినట్టు స్పష్టంగా కనబడుతుంది. డాప్లర్‌లో మాత్రం రక్తప్రసరణ కనబడదు, ఎందుకంటే ఆ గదుల్లో రక్తం అతి నెమ్మదిగా కదులుతుంది. మూడు సెంటీమీటర్ల లోపు, ఇలాంటి తీరులో, వైరస్ జబ్బుగాని, సిర్రోసిస్‌గాని, ఇంతకుముందు ఏ క్యాన్సరూగాని లేని మనిషిలో కనబడితే అది హెమాంజియోమా అని చెప్పడానికి అల్ట్రాసౌండ్ దాదాపు సరిపోతుంది. మీ డాక్టరుగారు చెప్పినట్టు ఒకసారి మళ్లీ చూసి, పెరగకపోతే దాన్ని మరిచిపోవచ్చు. మీ ఇంటావిడకు హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇంతవరకు చేయించి ఉండకపోతే మాత్రం చేయించండి. అదే తెల్లని మచ్చ సిర్రోసిస్ కాలేయంలో కొత్తగా కనబడి ఉంటే నేనే సీటీకి పంపేవాణ్ణి, ఎందుకంటే లోపల కొవ్వు చేరిన చిన్న క్యాన్సర్ కూడా తెల్లగా కనబడుతుంది. మచ్చ పరిమాణం రెండో సంగతి, అది ఎవరి కాలేయంలో ఉన్నదన్నది మొదటి సంగతి.

చీముగడ్డ విషయం మీరు చెప్పింది నిజమే. అమీబా వల్ల వచ్చే కాలేయపు చీముగడ్డకు, కల్లు తాగే అలవాటుకు ఉన్న సంబంధం మన దేశంలో వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నదే. పేగుల్లోని అమీబా పోర్టల్ సిర వెంట కాలేయానికి చేరి, ఎక్కువగా కుడి లోబ్‌లో ఒకే గడ్డగా పెరుగుతుంది. తెరమీద అది కూడా నల్లగా, గుండ్రంగా ఉంటుంది. తొలి రోజుల్లో లోపల ఇంకా ద్రవంగా మారనప్పుడు గట్టి గడ్డలాగే కనబడి మమ్మల్ని ఇరకాటంలో పెడుతుంది. కాని అలాంటి మనిషి మా గదిలోకి నడుచుకొని వచ్చే తీరే వేరుగా ఉంటుంది. జ్వరం, కుడి పక్కటెముకల కింద వేలు ఆనిస్తే ఓర్చుకోలేని నొప్పి, రక్తంలో తెల్లకణాల పెరుగుదల ఉంటాయి. గడ్డ కూడా చాలాసార్లు అయిదు సెంటీమీటర్లు దాటి ఉంటుంది. రాజోలువారి నాన్నగారికి జ్వరం లేదు, నొప్పి లేదు, గడ్డ 18 మిల్లీమీటర్లు, లోపల రక్తనాళాలు ఉన్నాయి. చీములో రక్తప్రసరణ ఉండదు. కాబట్టి ఇక్కడ ఆ దారి పట్టి పది రోజులు మందులు వాడి చూద్దామనడం సరికాదు.

సమాధానం: రాజమహేంద్రవరం జీర్ణకోశ వైద్యుడు

బయాప్సీ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కనుక రాస్తున్నాను. సూది వేసి ముక్క తీయడం తప్పు కాదు, తొందరపడి తీయడం తప్పు. సీటీలోనే స్పష్టమైన జవాబు వచ్చే అవకాశం ఉన్నప్పుడు ముందుగా సూది వేయడం వల్ల మూడు నష్టాలున్నాయి. సిర్రోసిస్‌లో రక్తం గడ్డకట్టే శక్తి, ప్లేట్‌లెట్లు తగ్గి ఉండవచ్చు కనుక రక్తస్రావం కావచ్చు. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకొని పెరిగే ప్రమాదం అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే సుమారు 2.7 శాతం. పద్దెనిమిది మిల్లీమీటర్ల గడ్డలో, అదీ ఊపిరితో పాటు కదిలే ఏడో సెగ్మెంట్‌లో, సూది గురితప్పి "క్యాన్సర్ లేదు" అని రిపోర్టు వస్తే, ఆ తప్పుడు ధైర్యం అన్నిటికంటే పెద్ద నష్టం. సీటీ, ఎంఆర్ఐ రెండూ ఎటూ తేల్చలేనప్పుడు బయాప్సీకి దాని చోటు దానికి ఉంది.

పసరు మందు విషయంలో నేను మెత్తగా చెప్పలేను. అప్పుడే వచ్చిన పచ్చకామెర్లు, ముఖ్యంగా హెపటైటిస్ ఏ వంటివి, చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతోంది. సిర్రోసిస్ ఉన్న కాలేయం ఏమి కలిపారో తెలియని మందును తట్టుకోలేదు. మీ మేనమామగారి అభిమానాన్ని కాదనకండి, ఆయనను సీటీకి తోడు తీసుకువెళ్లండి, మందు మాత్రం వద్దు.

ఒకవేళ ఇది క్యాన్సరే అని తేలిందనుకుందాం. అప్పుడు కూడా మీరు ఉన్న చోటు మంచిదే. రెండు సెంటీమీటర్ల లోపు ఒకే గడ్డ, కాలేయం పనితీరు బాగుండడం, పోర్టల్ సిరలోకి పాకకపోవడం కలిస్తే దాన్ని అతి తొలి దశ అంటాము. సూది ద్వారా వేడిని పంపి గడ్డను మాడ్చివేసే అబ్లేషన్‌గాని, ఆ భాగాన్ని కోసి తీసివేసే శస్త్రచికిత్సగాని ఈ దశలో పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతోనే చేస్తారు. డయాఫ్రం కిందున్న గడ్డకు అబ్లేషన్ చేయడం కొంత నేర్పుతో కూడిన పని, కనుక అది తరచుగా చేసే చోటనే చేయించాలి. వాయిదా తప్పకుండా స్కాన్‌లు చేయించబట్టే ఇది 18 దగ్గర దొరికింది. కామెర్లతోనో, పొట్టలో నీటితోనో మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఈ అవకాశం దాటిపోయి ఉంటుంది.

మరో సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మీరు, మీ తోబుట్టువులు, మీ అమ్మగారు, మీ నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకున్నారా? ఈ వైరస్ కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకు రావచ్చు కనుక మీ నాన్నగారి తోబుట్టువులకూ ఉండే అవకాశం ఉంది. లేనివారు మూడు డోసుల టీకా వేయించుకోవాలి. ఉన్నవారికి సిర్రోసిస్ లేకపోయినా, ఆసియా దేశాల పురుషులకు 40, స్త్రీలకు 50 ఏళ్లు దాటిన దగ్గరనుంచి ఈ ఆరు నెలల స్కాన్ మొదలుపెట్టాలన్నది ఆమోదిత పద్ధతి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ వైద్య వ్యవస్థలో ఉచితంగా ఇస్తున్నారు.

ప్రశ్న అడిగినవారి స్పందన: రాజోలు కొబ్బరితోట

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాలకొల్లువారు చెప్పినట్టు పాత రిపోర్టు తీసి చూశాను. చివర చిన్న అక్షరాల్లో "గ్యాస్ వలన డయాఫ్రం కింది భాగము సరిగా కనబడలేదు" అని ఉంది. ఇంతకాలం మేము పై వరుస ఒక్కటే చదివి ఫైలు మూసేవాళ్లము. సోమవారం కాకినాడలో ట్రైఫేసిక్ సీటీకి సమయం తీసుకున్నాము. అయితే వాళ్లు ముందుగా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమన్నారు; 1.6 వచ్చింది. సీటీకి ఎక్కించే మందు వల్ల కిడ్నీలు పాడవుతాయని పక్కింటివారు భయపెడుతున్నారు. మందు లేకుండా అల్ట్రాసౌండ్‌లోనే ఏదో కొత్త పద్ధతి ఉందని విన్నాను, దానితో సరిపెట్టవచ్చా?

సమాధానం: కాకినాడ రేడియాలజిస్టు

మీరు విన్నది కాంట్రాస్టు అల్ట్రాసౌండ్ అయి ఉంటుంది. దానికీ మందు ఉంది, కాని అయోడిన్ మందు కాదు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు నిండిన, ఎర్రకణంకంటే చిన్నవైన బుడగలను నరంలోకి ఎక్కిస్తారు. అవి రక్తనాళాలు దాటి బయటికి పోవు, వాయువు ఊపిరితోనే వెళ్లిపోతుంది, కిడ్నీలతో దానికి పనిలేదు. నాడ్యూల్ వెలగడం, ఆరడం ప్రతి క్షణం ప్రత్యక్షంగా చూడవచ్చు. మొదటి నిమిషంలోపే ఆరిపోతే వేరే చోటినుంచి వచ్చిన క్యాన్సర్ వంటివాటిని అనుమానిస్తాము. నిమిషం దాటాక కొద్దికొద్దిగా ఆరితే హెపటోసెల్యులర్ కార్సినోమా వైపు మొగ్గుతాము. నాకు ఇష్టమైన పరీక్షే అది. అయినా మీ నాన్నగారి విషయంలో మొదటి పరీక్షగా దాన్ని ఎంచుకోను. మామూలు స్కాన్‌లో అరకొరగా కనబడే మూల బుడగలు వేసినా అరకొరగానే కనబడుతుంది. పైగా ఒక ఇంజెక్షన్‌కు ఒక గడ్డనే బాగా చూడగలము. మిగతా కాలేయంలో రెండోది ఉందో లేదో చెప్పడానికి సీటీయో, ఎంఆర్ఐయో కావాలి.

58 ఏళ్ల పురుషుడికి క్రియాటినిన్ 1.6 అంటే కిడ్నీల వడపోత సుమారు 50 ఉన్నట్టు లెక్క. ఆ స్థాయిలో ఒకసారి ఇచ్చే సీటీ మందు వల్ల ముప్పు తక్కువ. ఈ వడపోత సంఖ్య 30 కంటే దిగువకు పోతే జాగ్రత్తలు పూర్తిగా మారతాయి. డీహైడ్రేషన్ లేకుండా చూసుకోండి, నొప్పి మాత్రలు వాడుతుంటే ఆపించండి, సంఖ్యను సీటీ చేసేవారికి ముందే చెప్పండి.

సమాధానం: రాజమహేంద్రవరం జీర్ణకోశ వైద్యుడు

సీటీకి అడ్డంకి లేదన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను, కాని ఆ 1.6 ఎందుకు వచ్చిందన్నది విడిగా చూడవలసిన విషయం. టెనోఫోవిర్‌లో రెండు రకాలున్నాయి; ఎక్కువమంది వాడే డైసోప్రాక్సిల్ రకం కొందరిలో ఏళ్ల తరబడి వాడగా కిడ్నీలపై ప్రభావం చూపుతుంది. మీ నాన్నగారి మాత్ర పట్టీమీద ఏ రకం రాసి ఉందో చూసి, పాత క్రియాటినిన్ రిపోర్టులు ఉంటే వరుసలో పెట్టి, సీటీ బొమ్మలతో పాటు మందు రాసిన డాక్టరుగారికి చూపించండి. అవసరమైతే ఆయన అలాఫెనమైడ్ రకానికో, ఎంటికావిర్‌కో మారుస్తారు. ఆయన చెప్పేవరకు ఇప్పుడున్న మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. ఒక్కసారిగా ఆపితే వైరస్ విజృంభించి సిర్రోసిస్ కాలేయాన్ని కొద్ది వారాల్లోనే దెబ్బతీయగలదు.